వేడిని తట్టేది గోడ కాదు, పొర

పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ జీవశాస్త్రం పుస్తకంలో, జీవుల వర్గీకరణ పాఠంలో, ఆర్కిబాక్టీరియా మీద ఒక చిన్న పేరా ఉంటుంది. బాగా ఉప్పగా ఉండే చోట్ల, వేడినీటి బుగ్గల్లో, బురద నేలల్లో ఇవి బతుకుతాయంటుంది. మిగతా బాక్టీరియాకూ వీటికీ కణకవచం నిర్మాణంలో తేడా ఉందంటుంది. అంత కఠిన పరిస్థితుల్లో అవి బతకగలగడానికి కారణం ఆ తేడాయేనని తేల్చేస్తుంది. నీట్‌కు చదివే పిల్లల పుస్తకాల్లో ఈ వాక్యం ఎక్కడ చూసినా పసుపు రంగు పూసుకునే కనబడుతుంది. బిట్ వచ్చే వాక్యం కదా. కణకవచంలో తేడా ఉన్న మాట నిజమే. వాటిని బతికిస్తున్నది ఆ తేడాయే అన్నది మాత్రం నిజం కాదు. ఈ వాక్యాన్ని మార్చమని ఎన్‌సీఈఆర్‌టీని అడుగుతున్నాను. ఎందుకు మార్చాలో, మారిస్తే మా మెట్ట ప్రాంతపు పిల్లలకు ఒరిగేదేమిటో చెబుతాను.

నేను రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. ఉద్యోగమంతా జగ్గయ్యపేట, నందిగామల మధ్యే గడిచింది. 2022 నుంచి మాది ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ మా తరం వాళ్ళ నోటికి ఇప్పటికీ ఇది మెట్ట కృష్ణాయే. సాయంత్రం పూట వీధిలోని ఇంటర్ పిల్లలు డౌట్లు అడగడానికి వస్తుంటారు. జీవశాస్త్రం పుస్తకంలోని వాక్యంతో కెమిస్ట్రీ మేడానికి ఏం పని అని అడిగేవాళ్ళకు ఒకటే జవాబు. వేడిలో బతికే సూక్ష్మజీవి కథ మొత్తం ఎస్టర్‌కూ ఈథర్‌కూ ఉన్న తేడాలో ఉంది. పిల్లలు ఆర్కిబాక్టీరియాను మొదటి ఏడాదిలో చదువుతారు, ఈథర్లనూ ఎస్టర్లనూ రెండో ఏడాదిలో చదువుతారు. ఈ రెండూ ఒకే సంగతి అని చెప్పేవాళ్ళు మధ్యలో ఎవరూ ఉండరు.

పుస్తకం మాటను కాదనడానికి ఒక్క జీవి చాలు. దాని పేరు థర్మోప్లాస్మా అసిడోఫిలం. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, బొగ్గు గని పక్కన పారబోసిన వ్యర్థాల గుట్టలో, థామస్ బ్రాక్ బృందం దీన్ని కనిపెట్టి 1970లో ప్రకటించింది. బొగ్గుతో పాటు పైకి వచ్చే పైరైట్‌కు గాలీ నీరూ తగిలితే గంధకామ్లం తయారవుతుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది. గుట్ట లోలోపల ఉడుకుతూ ఉంటుంది. అలాంటి చోట, 59 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పీహెచ్ 2కు అటూ ఇటూ ఉన్న ఆమ్లంలో ఈ జీవి హాయిగా పెరుగుతుంది. దీనికి కణకవచం లేదు. పలచటి కవచం ఉండటమో, వేరే రకం కవచం ఉండటమో కాదు, అసలు లేనే లేదు. అందుకే మొదట దీన్ని మైకోప్లాస్మా అనుకున్నారు. మైకోప్లాస్మాలకు కణకవచం ఉండదని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే అదే పాఠంలో కాస్త కిందికి పోతే చెబుతుంది. కవచమే లేని ప్రాణి ఆమ్లంలో, అంత వేడిలో నిలబడిందంటే బయటి ప్రపంచానికీ దానికీ మధ్య మిగిలిన హద్దు ఒక్కటే, కణత్వచం.

కణత్వచమంటే కొవ్వు పొర. మన కణాల్లో, మామూలు బాక్టీరియాలో ఆ పొర కట్టే లిపిడ్‌లో ఒక గ్లిసరాల్ ఉంటుంది. దానికి రెండు కొవ్వు ఆమ్లాల తోకలు, ఒక ఫాస్ఫేట్ తల. తలలు నీటి వైపు, తోకలు లోపలి వైపు పెట్టుకుని రెండు వరసలు ఎదురెదురుగా నిలబడితే అదే త్వచం. 1972లో సింగర్, నికల్సన్ ఇచ్చిన ద్రవ మొజాయిక్ నమూనా బొమ్మను గీయని ఇంటర్ విద్యార్థి ఉండడు. ఆ బొమ్మలో కనబడనిది ఉష్ణోగ్రత. పొర మరీ గట్టిపడితే అందులోని ప్రోటీన్లు కదలవు, పనిచేయవు. మరీ పలచబడితే లోపలివి బయటికి కారిపోతాయి.

డిసెంబరు తెల్లవారుజామున మా ఇళ్ళల్లో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి ఉంటుంది. పక్కనే ఉన్న వేరుశనగ నూనె మాత్రం ఎప్పటిలాగే జారుతుంది. కొబ్బరినూనెలో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వు ఆమ్లాలు. వాటి తోకలు తిన్నగా ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి ఆనుకుని సర్దుకుంటాయి. వేరుశనగ నూనెలో ద్విబంధం ఉన్నచోటల్లా తోక వంగుతుంది, దగ్గరగా సర్దుకోలేదు. బాక్టీరియా తన పొరలో ఈ సూత్రాన్నే అమలు చేస్తుంది. వేడి పెరిగితే సంతృప్తమైన, పొడుగాటి తోకలు ఎక్కువగా తయారు చేసుకుంటుంది. చలి పెరిగితే వంగిన తోకలు కలుపుకుంటుంది. ఏ ఉష్ణోగ్రతలో పెంచినా ఇ.కోలై తన పొర జిగటను దాదాపు ఒకే స్థాయిలో ఉంచుకుంటుందని సినెన్‌స్కీ 1974లో చూపించాడు.

చలి వైపు పని మన హైదరాబాదులోనే జరిగింది. సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఎస్. శివాజీ బృందం అంటార్కిటికా నేల నుంచి తెచ్చిన బాక్టీరియాను పెంచి పరిశోధించింది. అక్కడి షిర్మాకర్ ఒయాసిస్‌లో దొరికిన ఒక జాతికి 1992లో స్ఫింగోబాక్టీరియం అంటార్కటికస్ అని పేరు పెట్టారు. అదే సంస్థలో ఎం.వి. జగన్నాధం, ఎం.కె. చట్టోపాధ్యాయ ఆ మంచు బాక్టీరియా త్వచాల్లో కొవ్వు ఆమ్లాలూ కెరోటినాయిడ్ రంగులూ చలికి తగ్గట్టు ఎలా మారతాయో పరిశీలించారు. మా ఊళ్ళ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని పోతే సాయంత్రానికి ఆ సంస్థ గేటు ముందుంటాం. ఈ పేర్లు విన్న ఇంటర్ విద్యార్థి మాత్రం ఇంతవరకూ నాకు తగల్లేదు.

తోకలు మార్చుకోవడంతో చాలా దూరం రావచ్చు. కానీ తోకను గ్లిసరాల్‌కు కలిపే ముడి అలాగే ఉంది. అది ఎస్టర్ బంధం. ఎస్టర్‌ను నీళ్ళు విడగొట్టగలవు. ఆమ్లమో క్షారమో తోడైతే, పైన వేడి కూడా తగిలితే ఇంకా త్వరగా విడగొడతాయి. సబ్బు తయారీ అంటే అదే. ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్ చేతా చేయించేదాన్ని. కొబ్బరినూనెలో కాస్టిక్ సోడా ద్రావణం పోసి సన్నటి మంట మీద గాజుకడ్డీతో తిప్పుతూ ఉంటే, మొదట నూనె వేరు నీళ్ళు వేరుగా తిరుగుతుంటాయి. కాసేపటికి రెండూ కలిసిపోయి గంజిలా తెల్లబడి, కడ్డీకి బరువుగా పట్టుకుంటుంది. అప్పుడు ఉప్పునీళ్ళు పోస్తే సబ్బు పెచ్చులు పెచ్చులుగా విడిపోయి పైకి తేలుతుంది, గ్లిసరాల్ అడుగు నీళ్ళలో ఉండిపోతుంది. బీకరులో జరిగిందంతా ఎస్టర్ ముడులు తెగడమే. వేడి ఆమ్లంలో కాపురం పెట్టిన జీవికి ఇలాంటి ముడి పెద్ద అపాయం.

పుస్తకం ఆర్కిబాక్టీరియా అనే జీవులను ఇప్పుడు ఆర్కియా అంటారు, థర్మోప్లాస్మా వాటిలో ఒకటి. ఆర్కియాలో ఆ ముడే వేరు. వాటి లిపిడ్‌లలో గొలుసును గ్లిసరాల్‌కు కలిపేది ఈథర్ బంధం. ఈథర్ ఎంత మొండిదో కెమిస్ట్రీ చదివిన ప్రతివాళ్ళకూ తెలుసు. దాన్ని తెంచాలంటే హైడ్రోఅయోడిక్ ఆమ్లం పోసి వేడి చేయాలని మేం బోర్డు మీద సమీకరణాలు రాసి మరీ చెబుతాం. సబ్బు కాచే సోడా దాన్ని ఏమీ చేయలేదు. ఆ సమీకరణం పక్కన, ఇందుకే వేడినీటి బుగ్గలో ఆర్కియా బతుకుతుంది అని ఒక్క మాట రాసే పుస్తకం మన పిల్లలకు కావాలి.

ముడితోనే అయిపోలేదు. ఆర్కియా గొలుసులు మన కొవ్వు ఆమ్లాల్లాంటివి కావు. ఇరవై కార్బన్‌ల గొలుసు మీద నాలుగేసి కార్బన్‌లకు ఒక మిథైల్ కొమ్మ ఉంటుంది. ద్విబంధాలు సాధారణంగా ఉండవు. గ్లిసరాల్ కూడా కుడి ఎడమ తారుమారై ఉంటుంది. మన లిపిడ్‌లలో ఫాస్ఫేట్ ఒక చివర ఉంటే వాటిలో రెండో చివర ఉంటుంది. ఇది వేడి కోసం వచ్చిన మార్పని ఎవరూ అనరు. ఆర్కియా, బాక్టీరియా ఎంత పాత కాలంలోనే దారులు చీల్చుకున్నాయో చెప్పే గుర్తు అది. 1977లో కార్ల్ ఊజ్, జార్జ్ ఫాక్స్ రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ పోల్చి ఇవి వేరే వంశమని ప్రకటించినప్పుడు, ఈ వింత లిపిడ్‌లు వాళ్ళ మాటకు బలమైన సాక్ష్యమయ్యాయి.

అదే 1977లో థామస్ లాంగ్‌వర్తీ, మనం పైన చెప్పుకున్న కవచం లేని థర్మోప్లాస్మా పొరను విప్పి అందులోని పొడవాటి లిపిడ్‌ల నిర్మాణం ప్రకటించాడు. మామూలు పొరలో రెండు వరసలుంటాయని చెప్పుకున్నాం కదా. ఇక్కడ రెండు వరసల తోకలూ మధ్యలో కలిసి ఒక్కటైపోయాయి. నలభై కార్బన్‌ల గొలుసు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సాగి, రెండు చివరలా గ్లిసరాల్‌కు ఈథర్ ముడితో బిగిసి ఉంది. ఒక్కో లిపిడ్‌లో ఇలాంటి గొలుసులు రెండు, మొత్తం నాలుగు ఈథర్ ముడులు కాబట్టి వీటిని టెట్రాఈథర్ లిపిడ్‌లంటారు. పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి ఊరికే వదిలేస్తే జారిపోతాయి. సూది పై చీరలో గుచ్చి కింది చీరలో తీసి కుట్టిన బొంత జారదు. టెట్రాఈథర్ పొర బొంత కుట్టు వేసిన పొర. వేడికి రెండు వరసలూ విడిపోదామన్నా విడిపోవడానికి రెండు వరసలు లేవు.

ఇంకో ఏర్పాటు కూడా ఉంది. ఈ గొలుసుల మధ్యలో ఐదు కార్బన్‌ల ఉంగరాలు తయారవుతాయి. ఒక్కో లిపిడ్‌లో ఎనిమిది దాకా ఉండవచ్చు. ఉంగరాలు పెరిగేకొద్దీ గొలుసులు దగ్గరగా ఒదుగుతాయి, పొర బిగుస్తుంది. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కు ఆమ్లపు బుగ్గల నుంచి బ్రాక్ బృందం 1972లో వర్ణించిన సల్ఫోలోబస్ లాంటి జీవులను ఇంకా ఎక్కువ వేడిలో పెంచితే ఉంగరాల సంఖ్య పెరుగుతుంది. అంటే గొలుసులోని ఉంగరాలు లెక్కపెడితే ఆ జీవి ఎంత వేడిలో పెరిగిందో అంచనా వేయవచ్చు. సముద్రాల్లో తేలే ఆర్కియా చనిపోయి అడుగున పడ్డాక కూడా ఈ లిపిడ్‌లు లక్షల ఏళ్ళు చెడవు. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2002లో ఈ ఉంగరాల లెక్కతోనే టెక్స్-86 అనే కొలమానం తయారు చేశారు. ఒకనాటి సముద్రం ఎంత వెచ్చగా ఉండేదో బురదను అడిగి తెలుసుకునే పద్ధతి అది. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునే సున్నపురాయి కూడా ఒకనాటి సముద్రపు అడుగే. ధనంబోడు బౌద్ధ స్తూపానికి పలకలుగా చెక్కిన రాయి కూడా అదే. కానీ డైనోసార్ల కాలానికి ఎంతో ముందటి ఆ రాతిని ఈ కొలమానం చదవలేదు.

త్వచం సంచి మాత్రమే అనుకుంటే ఈ బిగింపు ఎందుకో అర్థం కాదు. కణానికి శక్తి తయారయ్యేది త్వచం మీదే. ప్రోటాన్‌లను ఒకవైపుకు నెట్టి, అవి తిరిగి వచ్చే దారిలో ఏటీపీ తయారు చేసుకుంటుంది. పొరలోంచి ప్రోటాన్‌లు దొంగదారిన కారిపోతే ఏటీపీ ఉండదు. వేడెక్కిన ఏ పొరైనా కారుతుంది. ఆమ్లంలో ఉండే జీవికైతే బయట ప్రోటాన్‌లు లోపలికంటే వేల రెట్లు, లక్షల రెట్లు ఎక్కువ. సల్ఫోలోబస్, థర్మోప్లాస్మా తమ లోపలి భాగాన్ని ఆమ్లం కాకుండా కాపాడుకోగలుగుతున్నాయంటే, ప్రోటాన్‌లకు సులభంగా దారివ్వని ఆ టెట్రాఈథర్ పొర చలవే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పుస్తకం కణకవచం అని ఒకే కారణం చూపిస్తే నేను దాన్ని కొట్టేసి కణత్వచం అని ఇంకో ఒకే కారణం చూపిస్తే అదీ తప్పే. వేడిలో బతికే జీవికి ప్రోటీన్లు కూడా గట్టివి కావాలి. డీఎన్‌ఏ మెలికలు విడిపోకుండా రివర్స్ గైరేస్ లాంటి ఎంజైములు కావాలి. ఈథర్ లిపిడ్‌లున్న జీవులన్నీ వేడిలోనే ఉండవు కూడా. చల్లటి సముద్రంలో టెట్రాఈథర్లున్న ఆర్కియా కోట్లాదిగా తేలుతున్నాయి. మన గేదె పెద్దపొట్టలో, 39 డిగ్రీల దగ్గర, మీథేన్ తయారు చేసేవి కూడా ఆర్కియాయే. వాటి ఈథర్ లిపిడ్ పేడలో దొరుకుతుంది. ఈథర్ ముడి ఆర్కియాకు వంశపారంపర్యంగా వచ్చిన ఆస్తి. వేడిలోకి వెళ్ళిన జీవులకు ఆ ఆస్తి బాగా అక్కరకొచ్చింది. ఈ మాట కూడా కలిపి నేను కోరే వాక్యం ఇలా ఉంటుంది: ఆర్కియా త్వచంలో కొమ్మలున్న హైడ్రోకార్బన్ గొలుసులు గ్లిసరాల్‌కు ఈథర్ బంధాలతో అతికి ఉంటాయి, ఈ త్వచమూ, వేడికి చెదరని ప్రోటీన్లూ కలిసి కఠిన పరిస్థితుల్లో వాటి మనుగడకు తోడ్పడతాయి. పాత వాక్యం కంటే పెద్దగా చోటేమీ పట్టదు.

ఒక్క వాక్యానికి ఇంత గొడవ ఎందుకని ఒక కోచింగ్ సెంటర్ అధ్యాపకుడు నాతో అన్నారు. 'పుస్తకంలో ఏది ఉంటే అదే కీ, మేడం. పిల్లల్ని తికమక పెట్టకండి' అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. ఒక మార్కుకు వేల ర్యాంకులు మారిపోయే పరీక్ష అది. తెలిసిన పిల్లవాడు తప్పు జవాబు పెట్టాలి, తెలియని పిల్లవాడు కూడా అదే పెట్టాలి. తెలుసుకున్నందుకు శిక్ష పడే చోట ఏ పిల్ల తెలుసుకోవాలనుకుంటుంది? నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను రెండూ చెబుతున్నాను, నిజం ఇదీ, పరీక్షలో పెట్టాల్సింది ఇదీ అని. అలా చెప్పాల్సి రావడం ఏ టీచరుకైనా సిగ్గుచేటు పరిస్థితి. దాన్ని తొలగించే అధికారం పుస్తకం వేసేవాళ్ళ చేతిలో మాత్రమే ఉంది.

ఈ శాస్త్రం ఎక్కడో అమెరికా బుగ్గల్లో ఉందని మా పిల్లలు అనుకుంటారు. వాళ్ళ ఇంటి వెనకాలే ఉంది. చందర్లపాడు, వత్సవాయి, వీరులపాడు, ఎటు వెళ్ళినా వేసవి దుక్కుల ముందు పెంట తోలడం చూస్తాం. ట్రాక్టరు తొట్టిలోకి ఎత్తడానికి పారతో దిబ్బను కోస్తే, పైన ఎండిన పెళ్ళ కింద ఒక అడుగు లోతున, బూడిద చల్లినట్టు తెల్లటి పొడి పట్టిన పొర కనబడుతుంది. వేడిని ఇష్టపడే ఆక్టినోమైసీట్‌లు అవి. చలికాలం పొద్దున్నే కొత్తగా వేసిన దిబ్బను కోస్తే పొగలాగా ఆవిరి లేస్తుంది. మా రైతులు గడ్డపలుగు దిబ్బలో గుచ్చి కాసేపు ఉంచి లాగి, చేత్తో పట్టుకు చూస్తారు. పట్టుకోలేనంత కాలితే దిబ్బ బాగా మాగుతోందని అర్థం. ల్యాబ్‌లోని 110 డిగ్రీల థర్మామీటరును ఒక కర్రకు కట్టి అదే కన్నంలో దించితే 60 దాటి కనబడుతుంది. అక్కడ మామూలు బాక్టీరియా ఉడికిపోతుంది, రోగకారక క్రిములూ కలుపు గింజలూ చాలావరకు చస్తాయి. అయినా దిబ్బ ఆగదు. ఆ వేడికి పనికొచ్చే పొర ఉన్నవాళ్ళు పని అందుకుంటారు.

వాళ్ళలో ఒకటి జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్. ఇది బాక్టీరియా, దీనికి ఎస్టర్ ముడే ఉంది. కానీ తోకల్లో ఎక్కువ భాగం సంతృప్తమైనవి, చివర కొమ్మ ఉన్నవి. దీని సిద్ధబీజాలు ఎంత మొండివంటే, ఆసుపత్రిలో ఆటోక్లేవ్ నిజంగా పనిచేస్తోందో లేదో చూడటానికి వీటినే వాడతారు. 121 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచాక కూడా ఇవి మొలకెత్తితే ఆ ఆటోక్లేవ్‌ను నమ్మకూడదు. దిబ్బ లోపల గాలి తగలని చోట మీథేన్ చేసే ఆర్కియా, ఈథర్ ముడులతో. ఒకే పెంటదిబ్బలో వేడికి రెండు వంశాలూ ఇచ్చిన రెండు జవాబులూ ఉన్నాయి. ఇంతకంటే మంచి ప్రాక్టికల్ నాకు తోచదు. కొత్త పరికరమేదీ కొనక్కర్లేదు. వారం రోజులు ఉదయం సాయంత్రం థర్మామీటరు దించి గ్రాఫు గీయమనండి. దిబ్బను తిరగేసిన రోజు వేడి ఎందుకు మళ్ళీ పెరిగిందో పిల్లలే అడుగుతారు.

నిజమైన వేడినీటి బుగ్గలు కావాలంటే అవీ దూరం లేవు. భద్రాచలం దగ్గరి గుండాల వద్ద గోదావరి ఇసుకలో గుంట తీస్తే వేడినీళ్ళు ఊరుతాయి, యాత్రికులు స్నానాలు చేస్తారు. మణుగూరు ప్రాంతంలో పగిడేరు వద్ద బోరులోంచి వేడినీళ్ళు తన్నుకొస్తాయి. ఆ వేడితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం పెట్టింది. మంచిదే. కానీ నీళ్ళ వేడిని వాడుకునేవాళ్ళు ఆ నీళ్ళలో ఉన్న ప్రాణులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం సూక్ష్మజీవులనూ మన సంపదగానే చెప్పింది. ఇంకా ఎక్కువ బోర్లు వేయకముందే, ప్రతి బుగ్గ నీటినీ, అడుగు పాచినీ సేకరించి మన విశ్వవిద్యాలయాల్లో భద్రపరచడం పెద్ద ఖర్చు కాదు.

ఎందుకంటే ఏ బుగ్గలో ఏముంటుందో ముందు ఎవరూ చెప్పలేరు. 1966లో ఎల్లోస్టోన్‌లోని మష్రూమ్ స్ప్రింగ్ నుంచి తెచ్చిన నీటిలో థర్మస్ ఆక్వాటికస్‌ను పెంచింది బ్రాక్, ఆయన దగ్గర చదువుకుంటున్న హడ్సన్ ఫ్రీజ్ అనే డిగ్రీ విద్యార్థి. 1969లో వాళ్ళు దాన్ని ప్రకటించినప్పుడు దానితో ఏం చేయాలో ఎవరికీ తెలియదు. తర్వాత కేరీ ముల్లిస్ పీసీఆర్ పద్ధతి కనిపెట్టాడు, 1993లో నోబెల్ అందుకున్నాడు. డీఎన్‌ఏను వేడి చేసి విడగొట్టిన ప్రతిసారీ పాడైపోని ఎంజైమ్ ఆ పద్ధతికి కావాల్సి వస్తే, అది ఆ బుగ్గ బాక్టీరియాలోనే దొరికింది. 2020లో నందిగామ ఆసుపత్రిలో కరోనా పీసీఆర్ పరీక్షకని ముక్కులో పుల్ల పెట్టించుకున్న ప్రతి మనిషి పరీక్షకూ మూలం ఆ నీటిచుక్క. పీసీఆర్ హక్కులు కోట్ల డాలర్లకు చేతులు మారినా ఎల్లోస్టోన్ పార్కుకు అందులో చిల్లిగవ్వ రాలేదు. మన బుగ్గల విషయంలో అలా జరగకూడదంటే మన పిల్లలే ముందు వాటి దగ్గరికి వెళ్ళాలి. ఆ పని చేసింది ఒక డిగ్రీ విద్యార్థి అని పాఠంలో రాయండి. మా ఊరి పిల్లలకు ధైర్యం వస్తుంది.

వేడి హద్దు ఎంత దూరం పోతుందో కూడా చెప్పండి. హిందూ మహాసముద్రం అడుగున కైరే అనే ఉష్ణబిలం దగ్గర దొరికిన మీథనోపైరస్ కాండ్లెరి 116వ రకాన్ని జపాన్ శాస్త్రవేత్తలు అధిక పీడనంలో 122 డిగ్రీల దగ్గర పెంచగలిగారని 2008లో ప్రకటించారు. ఆసుపత్రిలో క్రిములను చంపే వేడికంటే ఒక డిగ్రీ పైన అది సంతానాన్ని కంటోంది.

మాకు ఈ చదువు విలాసం కాదు. మే నెలలో నందిగామలో 44 డిగ్రీలు దాటడం తరచూ చూస్తున్నదే. పత్తి, మిరప వేసే నేల ఇది. ఎండ ముదిరిన రోజుల్లో పూత రాలిపోయిందని ఏడవని మిరప రైతు ఉండడు. మొక్క కణానికీ త్వచమే ప్రాణం, అక్కడా తోకల లెక్క పనిచేస్తుంది. హరితరేణువు పొరల్లో మూడు ద్విబంధాల కొవ్వు ఆమ్లాలు తగ్గేలా చేసిన పొగాకు మొక్కలు మామూలు మొక్కలకంటే ఎక్కువ వేడిని తట్టుకున్నాయని 2000లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. అంత పెద్ద ప్రయోగం మా డిగ్రీ కాలేజీలు చేయలేవు. కానీ వేడికి ఏ రకం ఆకు పొర ఎంత కారుతుందో కొలవడం చాలా తేలిక. పంచింగ్ మెషీన్‌తో ఆకులోంచి బిళ్ళలు కత్తిరించి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పరీక్షనాళికల్లో వేసి, 50 డిగ్రీల వాటర్ బాత్‌లో ఉంచాలి. పొర దెబ్బతిన్న కొద్దీ లోపలి లవణాలు నీళ్ళలోకి వస్తాయి. టైట్రేషన్లకు వాడే కండక్టివిటీ మీటరు ఆ నీళ్ళలో పెడితే అంకె వస్తుంది. తర్వాత అవే బిళ్ళలను మరిగించి మళ్ళీ కొలిస్తే మొత్తం ఎంతో తెలుస్తుంది. మొదటి అంకెకూ రెండో అంకెకూ నిష్పత్తి ఎంత తక్కువైతే ఆ రకం పొర అంత గట్టిది. వ్యవసాయ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాడుతున్న పద్ధతి ఇది.

జగ్గయ్యపేట పక్కన గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మా కాలేజీల్లో కండక్టివిటీ మీటర్లున్నాయి, ఏడాదిలో నాలుగు రోజులు తప్ప అవి బీరువా దిగవు. మిరప రకాలూ పత్తి రకాలూ రైతుల పొలాల్లోనే ఉన్నాయి. కేంద్రం వాళ్ళు రకాలు ఎంపిక చేసి ఇస్తే, ఫిబ్రవరి నుంచి మే దాకా నెలనెలా ఆ ఆకుల పొరలను కొలిచే పని డిగ్రీ రెండో ఏడాది పిల్లలకు ప్రాజెక్టుగా అప్పగించవచ్చు. వచ్చిన అంకెలు కేంద్రానికీ పనికొస్తాయి. ప్రిన్సిపాళ్ళు, కేంద్రం అధికారులు ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే వేసవికే మొదలుపెట్టవచ్చు. కొలిచే పద్ధతి నేర్పడానికి నేను వస్తాను.